కాళ్లతో నడిపే విమానం: పాత క్యూబ్‌లో ఫ్లై-ఇన్‌కి వెళ్లడమంటే

పెన్సిల్వేనియాలో ఇంటర్‌స్టేట్ 80 హైవే వెంబడి, నేలకు వెయ్యి అడుగుల ఎత్తున ఎగురుతున్నాం. కింద లారీలు ఒకదాని వెనక ఒకటి మమ్మల్ని దాటుకుని పోతున్నాయి. ముందు సీట్లో మా పిన్ని కొడుకు. విజయవాడ నుంచి ఇక్కడికి చదువుకోడానికి వచ్చాడు. కాసేపు కిందికే చూసి, వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు: "అన్నయ్యా, లారీలు మనకంటే ముందు పోతున్నాయి!"

నిజమే. మా పైపర్ క్యూబ్ (Piper Cub) అనే పాత, రెండు సీట్ల చిన్న విమానం గాలిలో గంటకు 70 మైళ్ల వేగంతో పోతోంది. ఈ ప్రాంతంలో ఎక్కువగా పడమటి గాలి వీస్తుంది, తూర్పుకి పోయేవాళ్లను వెనక నుంచి తోస్తుంది. ఆ రోజు మాత్రం తూర్పుగాలి, 20 మైళ్లది, మాకు ఎదురొచ్చింది. 70లోంచి 20 తీసేస్తే నేల మీద మా వేగం 50. లారీకి అది చిన్న లెక్క.

మేం వెళ్తున్నది లాక్ హేవెన్‌కి. సస్క్వెహానా నది పడమటి పాయ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 1937లో బ్రాడ్‌ఫర్డ్‌లోని తన ఫ్యాక్టరీ కాలిపోతే విలియం పైపర్ కంపెనీని ఇక్కడికి తెచ్చాడు. 1938 నుంచి 1947 దాకా దాదాపు 20 వేల జె-3 క్యూబ్‌లు తయారయ్యాయి. వాటి పసుపు రంగుకి ఈ ఊరి పేరే స్థిరపడిపోయింది. 1984లో ఫ్యాక్టరీ మూతపడింది. 1986 నుంచి ప్రతి జూన్‌లో ఇక్కడ సెంటిమెంటల్ జర్నీ పేరుతో ఫ్లై-ఇన్ జరుగుతోంది.

ఫ్లై-ఇన్ అంటే విమానాల తిరునాళ్లు. బండ్లు కట్టుకుని తిరునాళ్లకు వచ్చినట్టు ఎవరి విమానంలో వాళ్లు వస్తారు, రెక్క కింద గుడారం వేసుకుంటారు, పక్కవాళ్ల విమానం చుట్టూ తిరిగి చూస్తారు. వీటన్నిటిలోకీ పెద్దది విస్కాన్సిన్‌లోని ఓష్‌కోష్‌లో జరుగుతుంది. 1953లో మిల్వాకీలో చిన్నగా మొదలైన ఆ సంబరం 1970లో ఓష్‌కోష్‌కి చేరింది. ఇప్పుడు ఆ వారంలో అక్కడికీ చుట్టుపక్కల రన్‌వేలకీ కలిపి దాదాపు పది వేల విమానాలు వస్తాయి.

పాత విమానాలు మొండివి, చాదస్తపువి, వాటితో వేగడం కష్టం అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆ ప్రతి అలవాటు వెనకా ఎవరో ఒక ఇంజనీరు ఆనాటి ఖర్చునూ బరువునూ పచ్చికమైదానాలనూ లెక్కలోకి తీసుకుని చేసిన నిర్ణయం ఒకటి ఉంది. ఆ నిర్ణయం తెలిసినవాడికి విమానం ఏ క్షణంలో ఏం చేయబోతుందో ముందే తెలుస్తుంది. తెలియనివాడికి అలవాట్లన్నీ కట్టకట్టుకుని ఒకేసారి ఎదురయ్యే చోటు ఫ్లై-ఇన్. అక్కడ రద్దీ, వేరువేరు వేగాలు, పక్కగాలి, గట్టున కూర్చుని చూసే జనం అన్నీ ఒకేచోట ఉంటాయి.

చేత్తో తిప్పితేనే

జె-3లో బ్యాటరీ లేదు, స్టార్టర్ లేదు, జనరేటర్ లేదు. ఇంజన్ స్టార్ట్ కావాలంటే ఒక మనిషి ముందు నిలబడి ప్రొపెల్లర్‌ని చేత్తో లాగాలి. కరెంటు లేకుండా స్పార్క్ ఎలా వస్తుందంటే, మాగ్నెటో వల్ల. ఇంజన్‌తో పాటు తిరిగే అయస్కాంతం తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. రెండు మాగ్నెటోలు, ఒక్కో సిలిండర్‌కి రెండు ప్లగ్గులు. ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇంట్లో స్విచ్ కట్టేస్తే కరెంటు ఆగుతుంది. మాగ్నెటో స్విచ్ అలా కాదు. కట్టేసినప్పుడు అది ఒక తీగ ద్వారా మాగ్నెటోని ఇంజన్ బాడీకి కలిపి ఎర్త్ చేస్తుంది. ఆ తీగ ఎక్కడైనా తెగిందనుకోండి, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. ఇంజన్‌లో కాస్త పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటే, ఎవరో ఊరికే చెయ్యి వేసి ప్రొపెల్లర్‌ని కదిపినా ఇంజన్ అందుకోవచ్చు. అందుకే ఆగి ఉన్న ప్రొపెల్లర్‌ని కూడా తిరుగుతున్నదాన్ని చూసినట్టే చూడమని మొదటి రోజే నేర్పుతారు. తోకను తాడుతో గుంజకి కడతాం, చక్రాలకు అడ్డుచెక్కలు పెడతాం, లోపల తెలిసినవాళ్లు కూర్చుంటారు. బయటి మనిషి "స్విచ్ ఆఫ్" అంటే లోపలి మనిషి అదే మాట తిరిగి చెప్పాలి. "కాంటాక్ట్" (స్విచ్ ఆన్) అన్నా అంతే. ఫ్లై-ఇన్‌లో ఫొటోల కోసం పిల్లలు ప్రొపెల్లర్ దగ్గరికి పరిగెత్తుకొస్తుంటారు. తల్లిదండ్రులకు నేను చేతులు జోడించి చెప్పే మాట ఒక్కటే: దాన్ని పట్టుకోనివ్వకండి.

ఇంకో చిన్న విషయం. ఈ 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్‌ని తక్కువ ఆక్టేన్, తక్కువ సీసం ఉన్న పెట్రోలు కోసం తయారు చేశారు. ఇప్పుడు విమానాశ్రయాల్లో దొరికే 100ఎల్ఎల్‌లో పేరుకి 'తక్కువ సీసం' అని ఉన్నా, పాత 80 ఆక్టేన్ పెట్రోలుతో పోలిస్తే సీసం సుమారు నాలుగు రెట్లుంటుంది. అది ప్లగ్గుల్లో చిన్న పూసల్లా పేరుకుంటుంది. పొద్దున్నే ఇంజన్ కుంటుతూ నడిస్తే ముందు ప్లగ్గులు విప్పి చూడాలి.

ముందు ఏముందో కనపడదు

క్యూబ్ నేల మీద ఉన్నప్పుడు తోక కిందికి, ముక్కు ఆకాశంలోకి ఉంటుంది. ముందు రెండు చక్రాలు, వెనక తోక దగ్గర ఒక చిన్న చక్రం. అందుకే వీటిని టెయిల్‌డ్రాగర్లంటారు. జె-3ని ఒక్కరే నడిపితే వెనక సీట్లో కూర్చోవాలి. ఇంజనూ పెట్రోలు ట్యాంకూ ముందే ఉన్నాయి కాబట్టి, మనిషి కూడా ముందే కూర్చుంటే బరువంతా ముక్కు వైపుకి పోతుంది. అదే కాలపు ఏరాంకా చాంప్‌లో ఒంటరి పైలట్ ముందు సీట్లోనే కూర్చుంటాడు, చూపు బాగా ఆనుతుంది. క్యూబ్‌లో వెనక సీట్లోంచి కనపడేది ముందు మనిషి తల, దాని పక్కన కొంత ఆకాశం. అందుకని టాక్సీ చేసేటప్పుడు, అంటే నేల మీద నడిపేటప్పుడు, పాములా అటూ ఇటూ మెలికలు తిప్పుతూ పోవాలి. కుడికి తిరిగినప్పుడు ఎడమ కిటికీలోంచి దారి చూసుకోవాలి, ఎడమకి తిరిగినప్పుడు కుడి కిటికీలోంచి. ఫ్లై-ఇన్ గడ్డిలో గుడారాలు, మడతకుర్చీలు, మనుషులు ఉంటారు. అనుమానం వస్తే ఆగి, ఇంజన్ ఆపి, దిగి తోసుకుంటూ వెళ్లడమే నయం.  ఖాళీ క్యూబ్ బరువు 300 కిలోలు దాటుతుంది. అయినా చదునైన నేల మీద ఇద్దరు సునాయాసంగా నెట్టగలరు.

ఇంత తేలిక విమానానికి టాక్సీలో కూడా గాలి ఒక బరువే. ఎదురుగాలి ఏ పక్క నుంచి వస్తే స్టిక్‌ని, అంటే చేత్తో నడిపే కర్రని, ఆ పక్కకి వంచి వెనక్కి లాగి పట్టుకోవాలి. గాలి వెనక మూల నుంచి వస్తుంటే దానికి దూరంగా, ముందుకి తోసి పట్టుకోవాలి. మరిచిపోతే గాలి రెక్క కింద దూరి ఎత్తేస్తుంది. గాలిలోకి లేవకముందే మొదలైన ఈ పని, దిగి కట్టేసేదాకా ఆగదు.

పైకి లేచేటప్పుడు ముక్కు ఎడమకి లాగుతుంది. పైలట్ సీట్లోంచి చూస్తే అమెరికన్ ఇంజన్ల ప్రొపెల్లర్ గడియారం ముల్లు తిరిగిన వైపే తిరుగుతుంది. అది వెనక్కి తోసే గాలి మెలి తిరుగుతూ వచ్చి తోక మీద నిలువుగా ఉండే రెక్కని ఎడమ పక్క నుంచి కొడుతుంది. తోక పైకి లేచే క్షణంలో, తిరిగే ప్రొపెల్లర్ బొంగరంలా ప్రవర్తించి ముక్కుని ఇంకొంచెం ఎడమకి తిప్పుతుంది. కుడికాలు రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక చుక్కాని) పెడల్ మీద సిద్ధంగా ఉండాలి. 65 హార్స్‌పవర్‌కి ఈ లాగుడు మెల్లగానే ఉంటుంది. బ్రిటిష్ టైగర్ మాత్‌లోని జిప్సీ మేజర్ ఇంజన్ దీనికి ఎదురు వైపు తిరుగుతుంది, అందుకని అది కుడికి లాగుతుంది. ఒకదాని మీద అలవాటైన కాలు రెండోదాని మీద తప్పు వైపుకి నొక్కుతుంది.

రెక్క వంచితే ముక్కు ఎదురు తిరుగుతుంది

ఇప్పటి విమానాల్లో స్టిక్ పక్కకి వంచితే విమానం సుమారుగా తిరుగుతుంది, కాళ్లు ఊరుకున్నా నడుస్తుంది. క్యూబ్‌లో స్టిక్ ఎడమకి వంచి కాళ్లు కదపకుండా ఉంటే, రెక్క ఎడమకి వాలుతుంది గానీ ముక్కు కుడికి పోతుంది. ఎడమకి వాలాలంటే కుడి రెక్క పైకి లేవాలి, దానికోసం కుడి ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి దిగుతుంది. దిగిన ఎయిలరాన్ లిఫ్ట్‌ని, అంటే రెక్కని పైకెత్తే బలాన్ని, పెంచుతుంది, దాంతోపాటు గాలి నిరోధాన్నీ పెంచుతుంది. ఆ నిరోధం కుడి రెక్కని వెనక్కి లాగుతుంది. దీన్ని అడ్వర్స్ యా అంటారు. మందు ఒక్కటే: చెయ్యి ఏ వైపుకి కదిలితే అదే వైపు కాలు, అదే క్షణంలో, తగినంత.

ఆ 'తగినంత' ఎంతో ఏ డయలూ చెప్పదు. క్యూబ్ తలుపు తెరిచి ఎగరొచ్చు కాబట్టి నాకు చెంప చెబుతుంది. తిప్పడం సరిగ్గా ఉంటే గాలి చెంపకి కొట్టకుండా పక్క నుంచి పోతుంది. కాలు తక్కువైతే చెంప మీద కొడుతుంది. సీట్లో ఒళ్లు ఒక పక్కకి జారుతున్నట్టుంటుంది. ఆ జారుడుని ఒంటితో గుర్తుపట్టడం వచ్చేదాకా నా శిక్షకుడు నన్ను ఎత్తు చూపే మీటరు వైపు తప్ప ఇంకేదీ చూడనివ్వలేదు.

ఈ గొడవ అసలు లేకుండా చేద్దామనుకున్నవాళ్లూ ఉన్నారు. ఫ్రెడ్ వీక్ రూపొందించిన ఎర్‌కూప్‌కి మొదట్లో రడ్డర్ పెడళ్లే లేవు. స్టీరింగ్ తిప్పితే ఎయిలరాన్లూ రడ్డర్లూ కలిసి కదులుతాయి, తోకచక్రం బదులు ముందు చక్రం. మామూలు వాడకంలో స్పిన్‌లో (గిర్రున తిరుగుతూ కిందికి పడిపోవడంలో) పడదని దానికి ప్రభుత్వ ధ్రువీకరణ వచ్చింది. కానీ పక్కగాలిలో ముక్కు తిప్పుకుని సరిచేసుకోవడానికి పెడళ్లు లేవు కదా. అందుకని ముక్కు గాలి వైపు వంకరగా పెట్టుకుని, అలాగే రన్‌వే మీద దిగుతుంది. చక్రాలు తగలగానే తనంతట తానే తిన్నగా అవుతుంది. మొదటిసారి చూసినవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. చూస్తూ చూస్తూ అలా దిగనివ్వడానికి పైలట్‌కి ఎంత నమ్మకం కావాలో నాకు ఆ విమానంలో కూర్చున్నాకే తెలిసింది.

తీగ చివర బెండు

క్యూబ్ ట్యాంకు 12 గాలన్లు, అంటే 45 లీటర్లు. ఎంత మిగిలిందో చూపేది కరెంటు మీటరు కాదు. ట్యాంకులో తేలే బెండు ముక్కకి నిలువుగా ఒక తీగ గుచ్చి ఉంటుంది, ఆ తీగ మూతలోంచి బయటికి పొడుచుకొస్తుంది. పైలట్ కళ్లెదుట, అద్దం ముందు, గాలికి ఊగుతూ కనిపిస్తుంది. పెట్రోలు తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. ఊగడం ఆగి మూత మీద కూర్చుందంటే ఎక్కడో ఒకచోట వెంటనే దిగాలి.

లెక్క వేద్దాం. గంటకు నాలుగు గాలన్లకి కాస్త ఎక్కువ తాగుతుంది. పగటి ప్రయాణంలో అరగంట పెట్రోలు మిగిలి ఉండాలన్నది ఇక్కడి నియమం. నేనైతే గంట మిగలనిస్తాను. అప్పుడు వాడుకోడానికి రెండు గంటలు కూడా ఉండదు. గాలిలేని రోజు అది 130 మైళ్ల దాకా తీసుకెళ్తుంది. ఆ రోజున్న ఎదురుగాలిలో 90 మైళ్లు. హైవే మీద లాక్ హేవెన్ ఎగ్జిట్ నంబరు 178. ఆ నంబరు ఒహైయో సరిహద్దు నుంచి మైళ్ల లెక్క, అంటే ఆ సరిహద్దు నుంచి వస్తే మా 90 మైళ్లకి దాదాపు రెట్టింపు. అందుకే మేం క్లారియన్‌లో ఒకసారి, క్లియర్‌ఫీల్డ్‌లో ఒకసారి దిగి పెట్రోలు పోయించుకున్నాం. పాత విమానంలో దూరం కొలిచేది మైళ్లతో కాదు, దిగే చోట్లతో. ప్రతి అంచెకీ గాలి లెక్క కొత్తగా వేసుకోవాలి.

క్లియర్‌ఫీల్డ్ దగ్గర హైవే 2,250 అడుగుల ఎత్తుకి ఎక్కుతుంది. మిసిసిపీ నదికి తూర్పున ఇంటర్‌స్టేట్ 80కి అదే అన్నిటికంటే ఎత్తైన చోటని అక్కడ బోర్డు ఉంటుంది. లారీకి అదొక ఎక్కుడు, అంతే. క్యూబ్‌కి మాత్రం అది ఆలోచించాల్సిన విషయం. ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకు, జూన్ ఎండ. వేడి గాలి పలచగా ఉంటుంది. రెక్కకీ ప్రొపెల్లర్‌కీ ఇంజన్‌కీ అన్నిటికీ పట్టు తగ్గుతుంది. చల్లటి పొద్దున నిమిషానికి నాలుగైదు వందల అడుగులు ఎక్కే విమానం, మధ్యాహ్నం అందులో సగం ఎక్కడానికే ఆయాసపడుతుంది. అందుకే తెల్లవారుజామునే లేచి బయల్దేరాం. కొండలు దాటాక గాలి దిగే వైపు సుడులు కూడా ఉంటాయి. లాక్ హేవెన్ పక్కనే సాగే బాల్డ్ ఈగిల్ కొండవరుస గ్లైడర్ పైలట్లకి స్వర్గం. వాయవ్యపు గాలి కొండకి కొట్టుకుని పైకి ఎగసిన చోట వాళ్లు ఇంజన్ లేకుండా గంటలు గంటలు పోతారు. అదే గాలి కొండకి అవతలి పక్క కిందికి దొర్లుతుంది. ఆ పక్క తక్కువ ఎత్తులో క్యూబ్‌తో పోకూడదు.

ఎండలో మంచు కట్టడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లెవరికీ ఇది ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. గాలినీ పెట్రోలునీ కలిపే కార్బురేటర్ గొంతులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది, పెట్రోలు ఆవిరవుతుంది. రెండూ వేడిని లాగేస్తాయి. అక్కడ ఉష్ణోగ్రత బయటికంటే 20 డిగ్రీలకు పైగా పడిపోగలదు. బయట 20 డిగ్రీల తేమ పొద్దు అయితే, గొంతులో మంచు పేరుకుని ఇంజన్‌కి ఊపిరాడదు. ఈ కాంటినెంటల్ ఇంజన్లకి ఆ జబ్బు ఎక్కువ. లక్షణం ఏమిటంటే థ్రాటిల్ కదపకుండానే ఇంజన్ చుట్లు మెల్లగా తగ్గుతూ పోతాయి. కార్బ్ హీట్ పిడి లాగితే ఎగ్జాస్ట్ వేడి గాలి లోపలికి పోతుంది. ముందు చుట్లు ఇంకా తగ్గుతాయి, మంచు కరిగిన నీళ్లు పోయేటప్పుడు ఇంజన్ దగ్గుతుంది, ఆ తర్వాత కోలుకుంటుంది. ఆ దగ్గు విని భయపడి పిడి తిరిగి తోసేసినవాళ్లు పొలాల్లో దిగారు. క్లారియన్ దాటాక మాకు చుట్లు 50 తగ్గాయి. పిడి లాగాను. తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. బొటనవేలు ఎత్తి చూపించాను. ఇరవై సెకన్లు ఇద్దరం ఊపిరి బిగపట్టి ఆ దగ్గు విన్నాం.

రద్దీలోకి

లాక్ హేవెన్ చేరేసరికి ఆకాశంలో అయిదారు విమానాలు చుట్టు తిరుగుతున్నాయి. క్యూబ్ దిగే వేగం 55 నుంచి 60 మైళ్లు. వెనకొచ్చే బొనాంజా లాంటి వేగమైన విమానం 90కి దగ్గర్లో ఉంటుంది. ముందున్నది నెమ్మదిది కాబట్టి వెనకున్నది మీదికి వచ్చేస్తుంది. పైగా కొన్నిటికి రేడియో లేదు. పుట్టుకతో ఇంజన్ నడిపే కరెంటు వ్యవస్థ లేని విమానాలకి, తాము ఎక్కడున్నామో చెప్పే ఏడీఎస్-బీ పరికరం కూడా చాలా చోట్ల తప్పనిసరి కాదు. అందుకని తెర మీద కనిపించనిది కూడా ఆకాశంలో ఉంటుందని నమ్మి, తల తిప్పుతూ ఉండాలి. ఓష్‌కోష్‌లో ఇదే పనిని కంట్రోలర్లు నడిపిస్తారు. రిపన్ ఊరి నుంచి ఫిస్క్ దాకా రైలు పట్టాల మీదుగా ఒకదాని వెనక ఒకటి రమ్మంటారు. కింద నుంచి బైనాక్యులర్లతో చూసి రంగుతో, రెక్క ఆకారంతో పిలుస్తారు. పైలట్ రేడియోలో మాట్లాడకూడదు, విన్నానని రెక్కలు ఊపాలి.

ఈ రద్దీలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది దిగడానికి ముందు వేసే చివరి మలుపు. గాలి తోసి రన్‌వే గీత దాటిపోయామనుకోండి. తిరిగి గీత మీదికి రావాలన్న ఆత్రంలో లోపలి రడ్డర్‌ని కాలితో నొక్కుతారు. ముక్కు తిరుగుతుంది, రెక్క మరీ వాలిపోతుందని చెయ్యి ఎదురు వైపుకి పోతుంది. కాలు ఒక వైపు, చెయ్యి ఇంకో వైపు, వేగం తక్కువ. అప్పుడు లోపలి రెక్క ముందు స్టాల్ అయి (గాలిలో పట్టు కోల్పోయి) విమానం స్పిన్‌లోకి దొర్లుతుంది. మూడు నాలుగు వందల అడుగుల్లో తేరుకోడానికి ఎత్తు చాలదు. తిన్నగా ఎగిరేటప్పుడు క్యూబ్ స్టాల్ చాలా మెత్తనిది, 38 మైళ్ల దగ్గర ముక్కు నెమ్మదిగా వాలుస్తుంది. ఆ మెత్తదనానికి అలవాటు పడి దాన్ని తక్కువ అంచనా వేస్తారు. స్టాల్ హెచ్చరిక బజర్ క్యూబ్‌లో లేదు. కానీ కుడి పక్క తలుపు కింది సగం తెరిచి వేలాడుతుంటే, వేగం బాగా తగ్గినప్పుడు అది తనంతట తానే తేలుతూ పైకి లేస్తుంది. తలుపు తేలిందంటే స్టిక్ ముందుకి వదలాలి. నా ఆచారం ఇది: గీత దాటిపోతే ఆ దిగడం వదిలేసి మళ్లీ చుట్టు తిరిగి వస్తాను. గట్టున ఎంతమంది చూస్తున్నా సరే.

చక్రాలు నేలని తాకాక

ఇక అసలు విషయం. సూపర్‌మార్కెట్ తోపుడు బండి ఉంటుంది కదా. దాని ముందు చక్రాలు ఎటుపడితే అటు తిరుగుతాయి, వెనకవి తిన్నగానే పోతాయి. ముందుకి తోస్తే బుద్ధిగా పోతుంది. దాన్నే వెనక్కి తిప్పి, స్థిరమైన చక్రాలు ముందుండేలా ఒక్క తోపు తోసి వదిలేసి చూడండి. రెండు గజాలు పోయి గిర్రున వెనక్కి తిరుగుతుంది. టెయిల్‌డ్రాగర్ సరిగ్గా ఆ వెనక్కి తోసిన బండి. స్థిరంగా పట్టు ఉన్న చక్రాలు ముందున్నాయి, బడిలో గరిమనాభి అని చదువుకున్న ఆ బరువు కేంద్రం వాటి వెనక ఉంది. ముక్కు ఒక్క అయిదు డిగ్రీలు పక్కకి తిరిగినా, బరువు ఇంకా పాత దారినే పోవాలని చూస్తుంది, తోకని ముందుకి తోస్తుంది. తిరిగేకొద్దీ తిప్పే బలం పెరుగుతుంది. పైలట్ ఆపకపోతే విమానం గిర్రున తిరిగి, బయటి రెక్క నేలకి రాసుకుంటుంది. దాని పేరే గ్రౌండ్ లూప్.

ఇందులో మోసం ఏమిటంటే, దిగేశాం కదా అని ఒళ్లు సడలించే సమయంలోనే ఇది జరుగుతుంది. వేగం ఉన్నప్పుడు రడ్డర్ మీద గాలి పారుతుంది, కాలికి బలం ఉంటుంది. వేగం తగ్గి 25 మైళ్లకి వచ్చాక రడ్డర్‌కి పట్టు పోతుంది, తోకచక్రానికి ఇంకా పూర్తి పట్టు రాదు. ఆ మధ్య రెండు మూడు సెకన్లే ప్రమాదం. నేను నేర్చుకునే రోజుల్లో చక్కగా దిగి, మనసులో సంతోషపడి, హ్యాంగర్ వైపు ఒక్కసారి చూశాను. అంతే, ఎడమ చక్రం గడ్డిలోకి పోయింది, ముక్కు వచ్చిన దారి వైపు తిరిగింది. ఏమీ విరగలేదు. శిక్షకుడు ఏమీ తిట్టలేదు. "కళ్లెక్కడున్నాయి?" అని ఒక్కమాట అడిగారు. చివరి దాకా రన్‌వే దూరపు చివర మీదే కళ్లుంచితే ముక్కు తిరగడం పుట్టిన క్షణంలోనే కనపడుతుంది, చిన్న రడ్డర్ సరిపోతుంది. దగ్గరికి చూస్తే ఆలస్యంగా కనపడుతుంది, పెద్ద రడ్డర్ కావాలి, అది రెండో వైపుకి తిప్పుతుంది.

అమెరికాలో 1991 ఏప్రిల్ 15 తర్వాత తోకచక్రపు విమానాలు నడపడం మొదలుపెట్టిన ప్రతి పైలట్‌కీ దీనికి వేరే శిక్షణ, శిక్షకుడి సంతకం ఉండాలి. ఈ విమానాలు పుట్టిన రోజుల్లో దాని అవసరమే ఉండేది కాదు, మొదటి పాఠమే వీటి మీద. మన దేశంలోనూ అంతే. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ 1958లో ఎగరేసిన పుష్పక్ కూడా గుడ్డ కప్పిన, రెక్క పైనున్న, తోకచక్రపు విమానమే. అమెరికన్ ఏరాంకాకి దగ్గరి చుట్టం, 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్. ఏళ్ల తరబడి మన ఫ్లయింగ్ క్లబ్బుల పిల్లలు దాని మీదే నేర్చుకున్నారు. ఆ తరం పెద్దాయన ఎవరైనా మీకు తెలిస్తే అడిగి చూడండి. తన మొదటి పుష్పక్ ల్యాండింగ్‌ని ఆయన కాళ్లు కదుపుతూ చెబుతారు.

దిగడంలో రెండు పద్ధతులున్నాయి. మూడు చక్రాలూ ఒకేసారి తాకేలా పూర్తిగా వేగం చంపి దిగడం ఒకటి. తోక పైకే ఉంచి ముందు చక్రాల మీద కాస్త వేగంగా దిగి, తర్వాత తోక దించడం ఇంకొకటి. ఏది గొప్పదన్న వాదన పైలట్ల మధ్య ఎన్నటికీ తెగదు. నా అభిప్రాయం నేను చెబుతాను: క్యూబ్‌కి గడ్డి మీద మూడు చక్రాలే మంచిది, ఎందుకంటే తక్కువ వేగంలో తప్పుకి తక్కువ శక్తి ఉంటుంది. బలమైన పక్కగాలిలో రెండు చక్రాలతో దిగితే రడ్డర్ ఎక్కువసేపు పనిచేస్తుంది.

ఎగిరిపడటం కూడా ఒక్కో విమానంలో ఒక్కోలా ఉంటుంది. క్యూబ్ కాళ్లలో స్ప్రింగులకు బదులు రబ్బరు తాళ్ల చుట్ట ఉంటుంది. సాగి, తిరిగి ముడుచుకుంటూ మింగిన శక్తిలో చాలా భాగం వెనక్కి ఇచ్చేస్తుంది. 1946లో వచ్చిన సెస్నా 140 కాళ్లు వంచిన ఉక్కు పట్టీలు. ఆ ఆలోచన స్టీవ్ విట్‌మన్‌ది. ఓష్‌కోష్ విమానాశ్రయానికి ఈ రోజు ఉన్న పేరు ఆయనదే. ఆ పట్టీలు విరగవు, కానీ గట్టిగా దిగితే బాగా ఎగరేస్తాయి. ఆ సెస్నాకి బ్రేకులు మంచివి. పాపం, అదే దాని ఇబ్బంది. గట్టిగా తొక్కితే ముక్కు మీద పడేది. అందుకని చాలామంది చక్రాలను కాస్త ముందుకి జరిపే దిమ్మెలు బిగించుకున్నారు. క్యూబ్‌లో బ్రేకులు మడమ కింద చిన్న పెడళ్లు, అంత బలమైనవి కావు. వాటిని నమ్ముకోకపోవడమే మంచి అలవాటు.

లాక్ హేవెన్‌లో తారు రన్‌వే పక్కనే గడ్డి రన్‌వే ఉంది. మేం గడ్డి తీసుకున్నాం. తారు మీద చక్రం కాస్త వంకరగా తాకినా రబ్బరు గట్టిగా పట్టుకుని ముక్కుని తిప్పేస్తుంది. గడ్డి మీద చక్రం కొంచెం జారుతుంది, ఆ జారుడు పైలట్‌కి ఒక సెకను ఇస్తుంది. ఈ విమానాలు పుట్టిన రోజుల్లో విమానాశ్రయమంటే నలుదిక్కులా తెరిచిన పచ్చిక బయలే, గాలి ఎటు వీస్తే అటే తిరిగి దిగేవారు. పక్కగాలి అన్నది తారు గీతలు వచ్చాక ముదిరిన సమస్య.

కుడి రెక్క గాలి వైపు కొంచెం దించి, ఎడమ కాలితో ముక్కు తిన్నగా పట్టి, ముందు కుడి చక్రం, తోకచక్రం, చివరికి ఎడమది తాకించాను. స్టిక్ పూర్తిగా వెనక్కి, కుడికి. కళ్లు దూరంగా. జెండాలు పట్టుకుని నిలబడిన కార్యకర్త పక్కకి రమ్మన్నాడు. మెలికలు తిప్పుకుంటూ పసుపు విమానాల వరసలోకి వెళ్లి మాగ్నెటోలు కట్టేశాను. ప్రొపెల్లర్ రెండు చుట్లు తిరిగి ఆగింది.

తమ్ముడు దిగబోతుంటే ఆపి, సంచిలోంచి తాళ్లూ మేకులూ తీయమన్నాను. 2011 మార్చి 31న ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌లో సన్ ఎన్ ఫన్ ఫ్లై-ఇన్ మీదికి సుడిగాలి వచ్చి పదుల కొద్దీ విమానాలను తిరగేసింది. కట్టినవి కూడా కొన్ని లేచిపోయాయి. క్యూబ్ 38 మైళ్లకే స్టాల్ అవుతుందంటే, అంతకంటే కాస్త ఎక్కువ గాలి వీస్తే మనిషి లేకుండానే అది లేవగలదని అర్థం. రెండు రెక్కలకీ రెండు తాళ్లు, తోకకి ఒకటి. తాడు మరీ బిగించకూడదు, మరీ వదలకూడదు. వెనక సీటు బెల్టుని స్టిక్ చుట్టూ చుట్టి వెనక్కి లాగి కట్టాం, గాలికి కొట్టుకోకుండా. ప్రొపెల్లర్‌ని ఎవరూ కదపకుండా ఒక ఎర్ర గుడ్డ చుట్టాం.

పశ్చిమాన మేఘాలు నల్లబడుతున్నాయి. పక్క విమానం పెద్దాయన వచ్చి మా ముడులు ఒక్కొక్కటే లాగి చూసి, తోక తాడుది విప్పి మళ్లీ కట్టి చూపించారు.